టికెట్ కొన్నోడికీ 280, కొననోడికీ 280: ఇదేం లెక్క?

మెము_మునెయ్య
తిరుపతి నుంచి రేణిగుంట 10 కిలోమీటర్లు. మెముకు, అంటే ఊరూరా ఆగే కరెంటు లోకల్ రైలుకు, పాసింజర్ టికెట్ 10 రూపాయలు. మెము కంటే ముందు పక్క ప్లాట్‌ఫారం మీద ఎక్స్‌ప్రెస్ కదిలేటట్టు ఉంటే జనం దాంట్లోకే ఎక్కేస్తారు, ఎట్లా రేణిగుంటలో ఆగేదే కదా అని. ఎక్స్‌ప్రెస్ కనీస చార్జీ 30 లెక్కన, పట్టుకుంటే తేడా 20, దానిమీద 250, మొత్తం 270 రాసిస్తారు. కౌంటర్ తావ ముందే కట్టిన 10 కలిపితే 280.

ఇప్పుడు అసలు టికెట్టే కొనకుండా ఎక్కినోడిని తీసుకోండి. చార్జీ 30, దానిమీద 250. ఆయప్పకూ 280.

లైన్లో నిలబడి డబ్బులిచ్చి టికెట్ తీసుకున్నోడికీ, సందులో దూరి వొచ్చినోడికీ జేబులోంచి పోయేది పైసా తేడా లేకుండా ఒకటే. టికెట్ లేనోళ్ళను వదిలేయమని ఎవరూ అనరు. కానీ టికెట్ ఉండి తప్పు రైలు ఎక్కినోడూ దొంగేనా?

చంద్రగిరి_కోట
రైలు మీద ఎక్స్‌ప్రెస్ అని రాసే ఉంటుంది కదా. మైకులో మూడు భాషల్లో చెప్తారు. 10 రూపాయల టికెట్‌తో ఎక్కమని ఎవరన్నారు?

పుత్తూరు_కట్టు
చెయ్యి విరిగితే మా ఊళ్ళో కట్టు కడతారు. జేబు విరిగితే కట్టు లేదప్పా.

ఈఎఫ్‌టీ_పుస్తకం
మునెయ్య లెక్క సరైనదే. అది రైల్లో టికెట్లు చూసే టీటీఈ ఇష్టం కాదు, 1989 రైల్వే చట్టం సెక్షన్ 138. దాంట్లో రెండు రకాల మనుషులున్నారు. మొదటి రకం టికెట్ లేనోడు, ఉన్నా అడిగినప్పుడు చూపించనోడు. రెండో రకం ఉన్న టికెట్ కంటే పై తరగతి పెట్టెలో గానీ పై రకం రైల్లో గానీ ఎక్కినోడు, టికెట్ మీదున్న ఊరు దాటి పోయినోడు. రకాలు వేరుచేసినారు గానీ కొలబద్ద మాత్రం ఇద్దరికీ ఒకటే పెట్టినారు: కట్టాల్సిన చార్జీకి సమానమైన మొత్తం లేదా 250, రెండిట్లో ఏది ఎక్కువైతే అది.

ఇంకో మాట. ఆ 250ని అందరం జరిమానా అంటాం గానీ చట్టం దాన్ని అదనపు చార్జీ అంటుంది. జరిమానా వేసేది మెజిస్ట్రేటు, సెక్షన్ 137 కింద. అక్కడ ఎగ్గొట్టే ఉద్దేశం ఉండాలి. 6 నెలల దాకా జైలు లేదా 1000 దాకా జరిమానా లేదా రెండూ. ప్రత్యేక కారణం లేకపోతే 500కు తగ్గదు. కాబట్టి 270 కట్టినోడిని చట్టం దొంగ అనలేదు. అంతవరకు ఊరట.

మెము_మునెయ్య
దొంగ అనకుండానే దొంగతో సమానంగా వసూలు చేస్తే ఆ ఊరటను ఏం చేసుకోవాల?

లెక్కలమాస్టారు
250 అనే నేల, అంటే అంతకు తగ్గని కనీస మొత్తం, ఎవరి మీద బరువు పడుతుందో చూడండి. టికెట్ లేకుండా దొరికితే 10 రూపాయల దూరానికి 260, అంటే 26 రెట్లు. 30 దూరానికి 280, తొమ్మిది రెట్ల పైన. 100 దూరానికి 350, మూడున్నర రెట్లు. 250 దాటినాక ఎంత దూరమైనా రెండు రెట్లే. పనికి పోయొచ్చే మనిషికి 26 రెట్లు, సికింద్రాబాద్ నుంచి ఏసీలో ఊరికే వచ్చినోడికి 2 రెట్లు. దూరం పెరిగేకొద్దీ శిక్ష పలచబడే చట్టం ఇది.

కానీ రెండో వైపు గూడా చూడాల. మెములో 10 ఎగ్గొట్టేవాడు దొరికితే 260 పోతుంది. అంటే 26 సార్లలో ఒకసారి కంటే తక్కువ దొరికేటట్టయితే వాడికి ఎగ్గొట్టడమే లాభం. రోజూ పోయొచ్చేవాడికి 26 ప్రయాణాలంటే 13 రోజులు. రెండు వారాలకొకసారి కూడా తనిఖీ తగలని లైన్లో 250 ఎవరినీ భయపెట్టదు. ఆ 250 గూడా 2004లో పెట్టింది. అంతకుముందు 50. అప్పట్నుంచి కదల్లేదు.

చంద్రగిరి_కోట
అదే నేననేది. 250 తక్కువే.

మెము_మునెయ్య
ఎగ్గొట్టేవాడికి తక్కువ, పొరపాటు పడినోడికి ఎక్కువ. మాస్టారు చెప్పినదాంట్లోంచి నాకు అర్థమైంది ఇది.

గోవిందరాజ_వీధి
ఈ ఊరికి వచ్చేవాళ్ళలో సగం మందికి ఇది పాసింజర్, ఇది ఎక్స్‌ప్రెస్, ఇది సూపర్‌ఫాస్ట్ అని తెలియదు. దర్శనం చేసుకొని కొండ దిగి నిద్దర కళ్ళతో స్టేషన్‌కు వస్తారు. కౌంటర్లో ఊరి పేరు ఒకటే చెప్తారు, ఏ రైలో చెప్పరు. లోపల మనిషి ఏది నొక్కితే అది వస్తుంది.

టికెట్ చేతికి రాగానే చూసుకోవాల్సింది ఊరి పేరు ఒక్కటే కాదు. ఆర్డినరీనా, మెయిల్ ఎక్స్‌ప్రెస్సా, సూపర్‌ఫాస్టా అని దానిమీదే ఉంటుంది. రైలు రకం దాని నంబర్లో తెలిసిపోతుంది. 12, 20, 22తో మొదలైతే సూపర్‌ఫాస్ట్ తరగతి. 16, 17, 18 ఇట్లాంటివి మామూలు ఎక్స్‌ప్రెస్. 5, 6, 7తో మొదలయ్యేవి పాసింజర్, మెము, డీజిల్‌తో నడిచే డెము. మన తావ పద్మావతి, నారాయణాద్రి, రాయలసీమ మూడూ 12తో మొదలవుతాయి, సూపర్‌ఫాస్ట్‌లు. చెన్నై సప్తగిరి 16, శేషాద్రి 17, మామూలు ఎక్స్‌ప్రెస్‌లు. 0తో మొదలైతే స్పెషల్, దాని చార్జీ అడిగి తెలుసుకొని ఎక్కడం మేలు.

మెము_మునెయ్య
సూపర్‌ఫాస్ట్ అయితే జనరల్‌కు ఇంకో 15. రేణిగుంటకు 45 అవుతుంది. 30 టికెట్ తీసుకొని రాయలసీమ ఎక్కినోడు 15 తక్కువ కట్టినాడు. 138 మాట ప్రకారం పోతే 15కు 250.

స్లీపర్‌క్లాస్
15కు 250. వడ్డీవ్యాపారి గూడా సిగ్గుపడతాడు.

కాట్పాడి_లైను
ఇంతకంటే ఎక్కువ మంది బోల్తాపడేది ఇంకోటుంది. రిజర్వేషన్ టికెట్ రేణిగుంట నుంచి ఉంటుంది, రైలు తిరుపతిలో బయల్దేరుతుంది. సీటు మాదే కదా, ఖాళీ రైల్లో హాయిగా కూర్చుందాం అని తిరుపతిలోనే ఎక్కేస్తారు. ఆ 10 కిలోమీటర్లకు వాళ్ళ దగ్గర టికెట్ లేదు. రేణిగుంట వచ్చేలోపల టీటీఈ వస్తే ఆ ముక్కకు చార్జీ, దానిమీద 250.

బోర్డింగ్ మార్చుకున్నోళ్ళదీ ఇదే కథ. టికెట్ తిరుపతి నుంచే తీసుకొని, తర్వాత ఆన్‌లైన్లో బోర్డింగ్ రేణిగుంటకు మార్చుకుంటారు. ఆఖర్న మనసు మారి తిరుపతిలోనే ఎక్కుతారు. డబ్బు తిరుపతి నుంచి కట్టిందే కదా అని వాదన. చెల్లదు. బోర్డింగ్ మార్చినాక పాత స్టేషన్లో ఎక్కే హక్కు పోతుంది. ఎక్కితే ఆ రెండు స్టేషన్ల నడుమ చార్జీ, అదనపు చార్జీ కట్టాలని ఐఆర్‌సీటీసీ నిబంధనల్లోనే ఉంది.

స్లీపర్‌క్లాస్
రెండోది మాత్రం అన్యాయం కాదా? ఒకే దూరానికి రెండుసార్లు డబ్బు.

కాట్పాడి_లైను
అన్యాయమే. నిబంధన ఏందో చెప్పినా అంతే, సమర్థించలే.

చంద్రగిరి_కోట
రైల్వేకి ఒక్క రూపాయి నష్టం లేనిచోట 250 తీసుకోవడం తప్పేనని నేనూ ఒప్పుకుంటా. 10 టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కినోడి విషయంలో మాత్రం ఒప్పుకోను.

ఈఎఫ్‌టీ_పుస్తకం
ఇంతసేపూ అందరూ 250 చుట్టే తిరుగుతున్నారు. అది కట్టకుండా తప్పించుకునే దారి చట్టంలోనే ఉంది, సెక్షన్ 55. టికెట్ లేకుండా ఎవరూ పెట్టె ఎక్కకూడదు అంటూనే, అధికారం ఉన్న రైల్వే ఉద్యోగి అనుమతి తీసుకుంటే ఎక్కొచ్చు అంటుంది. ఆ ఉద్యోగి ఒక సర్టిఫికెట్ ఇస్తాడు: ఈయన తర్వాత చార్జీ కట్టే షరతు మీద ఎక్కుతున్నాడు అని. ఆ కాగితం ఉంటే అదనపు చార్జీ తీసుకోకూడదని 138లోనే ఉంది.

దీన్ని పల్లె భాషలో గార్డు సర్టిఫికెట్ అంటారు. గార్డు పేరు 2022లో ట్రైన్ మేనేజర్ అని మార్చినారు, పని అదే, ఆఖరి పెట్టెలో ఉంటాడు. లైన్ కదల్లేదు, రైలు కదలబోతా ఉంది అన్నప్పుడు ముందు పోయి ఆయనకో టీటీఈకో చెప్పి ఎక్కాల. ఎక్కి కూర్చొని, టీటీఈ మన వరస దాకా వచ్చి అడిగినాక చెప్పడం వేరు. వరస ముఖ్యం: ఆయన అడగకముందే మనం చెప్పాల.

టికెట్ ఊరు దాటి ఇంకో స్టేషన్ దాకా పోవాలన్నా ఇంతే. పాకాలకు టికెట్ ఉండి చిత్తూరు దాకా పోవాలనుకుంటే పాకాల రాకముందే టీటీఈకి చెప్తే మిగతా దూరం చార్జీ మాత్రమే. పాకాల దాటినాక ఆయనే పట్టుకుంటే 250 కలుస్తుంది.

మెము_మునెయ్య
ఈ సర్టిఫికెట్ సంగతి ఎంతమందికి తెలుసు? స్టేషన్ గోడ మీద టికెట్ లేని ప్రయాణం నేరం అని ఇంతెత్తు అక్షరాలతో రాస్తారు. దాని కింద ఇదొక్క లైను రాస్తే రంగు అయిపోతుందా?

పుత్తూరు_కట్టు
తిరుపతిలో రైలు పొడుగు 20 పెట్టెలు. జనరల్ ఇంజిన్ పక్కన, గార్డు ఆ చివర. అనుమతి తీసుకొని తిరిగొచ్చేలోపు రైలు రేణిగుంటలో ఉంటాది.

కాట్పాడి_లైను
మామూలుగా జనరల్ పెట్టెలు రెండు చివర్లా ఉంటాయి. వెనక దానికి పోతే గార్డు పక్కనే.

పాకాల_జంక్షన్
అన్నిటికంటే ఘోరం ఎక్కడ ఎక్కినావన్న గొడవ. ఎదురు దిక్కు చూడండి. పద్మావతి సికింద్రాబాద్ నుంచి వస్తుంది. రేణిగుంటలో ఒకడు టికెట్ లేకుండా ఎక్కి తిరుపతిలో దిగి గేటు తావ టీసీకి దొరికినాడు. నేను రేణిగుంటలో ఎక్కినా అంటాడు. రుజువేది? ఎక్కిన స్టేషన్ మీద అనుమానం ఉంటే రైలు బయల్దేరిన స్టేషన్ నుంచి చార్జీ వేయొచ్చని చట్టం. 10 కిలోమీటర్ల మనిషికి రాత్రంతా ప్రయాణం చేసినంత బిల్లు, అది 250 దాటితే అదనపు చార్జీ గూడా దానికి సమానం. వెరసి రెండింతలు.

ఈఎఫ్‌టీ_పుస్తకం
సగం చెప్పినావు. మిగతా సగం ప్రయాణికుడికి అనుకూలం. దారిలో టికెట్లు తనిఖీ చేసుంటే, బయల్దేరిన ఊరు నుంచి కాదు, ఆఖరుసారి తనిఖీ జరిగిన చోటు నుంచే లెక్క కట్టాల. అది గూడా 138లోనే ఉంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ పెట్టెలో ఆఖరుసారి టికెట్లు ఎక్కడ చూసినారు? గూడూరులో చూసుంటే గూడూరు నుంచే వేయాల.

జనరల్ పెట్టెలో చిక్కు వస్తుంది, అక్కడికి రాత్రంతా ఎవరూ తనిఖీకి రారు.

గోవిందరాజ_వీధి
ప్లాట్‌ఫారం టికెట్ ఇక్కడే పనికొచ్చేది. 10 రూపాయలు, 2 గంటలు చెల్లుతుంది. దానితో ప్రయాణం చేయకూడదు, చేస్తే 250 తప్పదు. కానీ ఎక్కిన స్టేషన్‌కు, టైముకు అదే రుజువు. అది చేతిలో ఉన్నోడికి సికింద్రాబాద్ నుంచి చార్జీ వేయడం కుదరదు.

స్లీపర్‌క్లాస్
తిరుపతిలో ప్లాట్‌ఫారం టికెట్ 10, రేణిగుంట పాసింజర్ టికెట్ 10. ప్లాట్‌ఫారం టికెట్ 2 గంటలు, రేణిగుంట టికెట్ 3 గంటలు. చుట్టాలను ఎక్కించేదానికి వచ్చినోళ్ళు ఏది కొనాలో మీరే చెప్పండి.

పుత్తూరు_కట్టు
సంగటికి ముద్ద ఎక్స్‌ట్రా వచ్చినట్టు గంట ఎక్స్‌ట్రా.

ఈఎఫ్‌టీ_పుస్తకం
ఆ 3 గంటల సంగతి గూడా చాలామందికి తెలియదు. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టికెట్ తీసుకున్న 3 గంటల్లోపు, లేదా ఆ ఊరికి పోయే తర్వాతి మొదటి రైలు బయల్దేరేలోపు, రెండిట్లో ఏది ఆలస్యమైతే అప్పటిలోగా ప్రయాణం మొదలుపెట్టాల. పొద్దున్నే చిత్తూరుకు టికెట్ కొని, గుడికి పోయి, సాయంత్రం తిరిగొచ్చి ఎక్కితే ఆ టికెట్ చిత్తు కాగితం. 200 దాటితే మూడు రోజుల ముందు గూడా తీసుకోవచ్చు. దూరం ఎక్కువైతే సౌకర్యం ఎక్కువ. మాస్టారు ఇది గూడా లెక్కలో వేసుకోవాల.

లెక్కలమాస్టారు
వేసుకున్నా.

ఏడో_ప్లాట్‌ఫారం
ఫోన్ టికెట్ల మీద ఎవరూ మాట్లాడలేదే. రైల్వే వాళ్ళ రైల్‌వన్ యాప్‌లో జనరల్ టికెట్ తీసేటప్పుడు పేపర్‌లెస్, పేపర్ అని రెండుంటాయి. తొందర్లో పేపర్ నొక్కేస్తారు. డబ్బు కట్ అవుతుంది, బుకింగ్ నంబర్ వస్తుంది, టికెట్ వచ్చేసిందనుకుంటారు. కాదు. స్టేషన్‌లో మిషన్ దగ్గర ఆ నంబర్ కొట్టి కాగితం తీసుకుంటేనే అది టికెట్. లేకపోతే టికెట్ లేనట్టే లెక్క.

పేపర్‌లెస్ తీస్తే షో టికెట్ నొక్కి యాప్‌లోంచే చూపించాల. నెట్ లేకున్నా తెరుచుకుంటుంది. స్క్రీన్‌షాట్ చెల్లదు. వేరే వాళ్ళ ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో పంపించుకున్నదీ చెల్లదు. ఫోన్ చార్జింగ్ అయిపోతే చూపించలేనోడి కిందికే వస్తారు.

రైల్లో కూర్చొని టీసీ కనిపించినాక తీద్దామంటే కుదరదు. స్టేషన్ లోపల, పట్టాల దగ్గర యాప్ ఒప్పుకోదు, జీపీఎస్‌తో పట్టేస్తుంది. బయట ఎంత దూరం నుంచైనా తీసుకోవచ్చు, ఆ పైపరిమితి 2024లో ఎత్తేసినారు. లోపలికి వచ్చేసినాక గుర్తొస్తే గోడ మీద అంటించిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాల, దాంతో స్టేషన్‌లో ఉండే తీసుకోవచ్చు. లైన్ పొడుగ్గా ఉందని తిట్టుకుంటూ ఆ క్యూఆర్ కిందే నిలబడుంటారు జనం.

చంద్రగిరి_కోట
మరి ఇన్ని దారులుండగా టికెట్ దొరకలేదు అనేది సాకే కదా.

గోవిందరాజ_వీధి
ఫోన్‌లో యూపీఐ ఉన్నోడికి సాకు. పల్లె నుంచి బటన్ ఫోన్‌తో వచ్చిన ముసలామెకు? బస్సులో అయితే కండక్టర్ సీటు దగ్గరికొచ్చి టికెట్ కొడతాడు. రైల్లో అమ్మేవాడు రాడు, పట్టుకునేవాడే వస్తాడు.

చంద్రగిరి_కోట
ముసలామెకు ఎగ్గొట్టే ఉద్దేశం లేదని టీటీఈకి గూడా తెలుస్తుంది. ఎక్కువసార్లు మాట చెప్పి దించేస్తారు.

ఈఎఫ్‌టీ_పుస్తకం
దించేసేదానికీ నిబంధన ఉంది. సెక్షన్ 139. మగతోడు లేని ఆడమనిషినో పిల్లలనో ఎక్కడంటే అక్కడ దించకూడదు. ఆమె ఎక్కిన స్టేషన్, జంక్షన్, రైలు ఆఖరి స్టేషన్, లేదా జిల్లా కేంద్రం స్టేషన్‌లో మాత్రమే, అది గూడా పగలే. మన లైన్లో చూస్తే తిరుపతి, పాకాల, చిత్తూరు, కాట్పాడి సరిపోతాయి. చంద్రగిరిలో దించకూడదు. రాత్రయితే ఎక్కడా దించకూడదు.

పుత్తూరు_కట్టు
కోటాయన ఊళ్ళో దించరంట. కోట చూసే భాగ్యం లేదు.

స్లీపర్‌క్లాస్
జనరల్ టికెట్‌తో స్లీపర్ ఎక్కేవాళ్ళ మాట ఏంది? శనాదివారాలు కొండ మీద రద్దీ అంతా దిగి ఒకేసారి స్టేషన్‌కు వస్తుంది. జనరల్ పెట్టెలో కాలు పెట్టే సందుండదు. పిల్లలతో స్లీపర్ ఎక్కి నడవలో కూర్చుంటారు. వాళ్ళకు గూడా తేడా, దానిమీద మనిషికి 250. నలుగురున్న కుటుంబానికి తేడా కాక వెయ్యి. సీటు ఇచ్చినారా? లేదు. కట్టినాక గూడా నడవలోనే.

పాకాల_జంక్షన్
ఆ బెర్త్‌కు డబ్బు కట్టి రెండు నెలల ముందు బుక్ చేసుకున్నోడి మాట గూడా చెప్పు. కాళ్ళ దగ్గర ఇద్దరు, తల దగ్గర ఒకరు. బాత్రూంకు పోవాలంటే మనుషులను తొక్కుకుంటూ పోవాల. ఈ ఒక్క విషయంలో 250 తక్కువే.

స్లీపర్‌క్లాస్
తప్పు ఆ కుటుంబానిదా, చాలినన్ని జనరల్ పెట్టెలు పెట్టనోళ్ళదా?

పాకాల_జంక్షన్
రెండూ. అయితే నష్టం బెర్త్ కొన్నోడికి.

కాట్పాడి_లైను
వెయిటింగ్ లిస్ట్ వాళ్ళదీ కలిపి చెప్తా. ఆన్‌లైన్ టికెట్ చార్ట్ అయినాక అందరికీ వెయిటింగే ఉంటే దానంతట అదే రద్దయిపోతుంది, డబ్బు వెనక్కి వస్తుంది. దాన్ని చూపించి రైలెక్కితే టికెట్ లేని ప్రయాణమే. ఒకే పీఎన్‌ఆర్‌లో ఒకరిద్దరికి ఖాయమై మిగతావాళ్ళు వెయిటింగ్‌లో ఉంటే ఆ టికెట్ బతికే ఉంటుంది. కౌంటర్లో తీసిన వెయిటింగ్ టికెట్ తనంతట రద్దవదు. కానీ దాంతో జనరల్‌లోనే పోవాల, స్లీపర్‌లో కాదు. 2025 మే నుంచి ఇది గట్టిగా అమలు చేస్తున్నారు.

దర్శనం ఆలస్యమై రైలు తప్పినోళ్ళు ఆ టికెట్‌తోనే తర్వాతి రైలెక్కడం గూడా చూస్తుంటాం. రిజర్వేషన్ ఆ ఒక్క రైలుకే. తర్వాతి రైలుకు జనరల్ టికెట్ కొనుక్కొని ఎక్కాల.

ఏడో_ప్లాట్‌ఫారం
వందేభారత్‌లో సామాను సర్దిచ్చేదానికి ఎక్కేవాళ్ళను మరిచిపోయినారు. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. లోపల మామ, బయట చెప్పులు. తర్వాతి స్టాప్ దాకా చార్జీ కట్టాల్సిందే.

పుత్తూరు_కట్టు
టిఫిన్ గూడా పెట్టించుకోవాల మామ.

లెక్కలమాస్టారు
అసలు ప్రశ్నకు వస్తా. టికెట్ లేనోడికీ తక్కువ టికెట్ ఉన్నోడికీ వేరు కొలత పెట్టాలంటే ఎట్లా? నాకు తోచింది: రెండో రకానికి 250 నేల తీసేసి, తేడాకు ఐదింతలు. 20 తేడాకు 100 అదనం, కలిపి 120. 15 తేడాకు 75, కలిపి 90. జనరల్ నుంచి స్లీపర్‌కు తేడా 100 అయితే అదనం 500, ఇప్పటి 250 కంటే ఎక్కువే. పాకాల గారికీ న్యాయం. టికెట్ అసలు లేనోడికి నేలను 250 నుంచి పైకి జరపండి, 20 ఏళ్ళు దాటింది.

చంద్రగిరి_కోట
ఇది బాగుంది. కానీ రేపట్నుంచి ఎగ్గొట్టేవాళ్ళంతా 10 రూపాయల టికెట్ ఒకటి జేబులో పెట్టుకుంటారు. ఎక్స్‌ప్రెస్‌లో తిరుగుతారు. దొరికితే 120.

లెక్కలమాస్టారు
120ని 20తో భాగిస్తే 6. ఆరుసార్లలో ఒకసారి కంటే తక్కువ దొరికేటట్టయితే వాడికి లాభం. ఇది ఒప్పుకుంటా, ఇక్కడ నా లెక్కలో చిల్లుంది.

ఈఎఫ్‌టీ_పుస్తకం
ఒకటే మొత్తం పెట్టడానికి ఇంకో కారణం ఉంది. టీటీఈ చేతికి ఎంతైనా వేసే స్వేచ్ఛ ఇస్తే అక్కడే బేరం మొదలవుతుంది. పది కిలోమీటర్ల దూరానికి బేరం తెగేలోపు రేణిగుంట వచ్చేస్తుంది. 250 అని రాసుంటే నువ్వెవరైనా 250. మాస్టారు చెప్పిన ఐదింతలు మాత్రం స్వేచ్ఛ కాదు, టీటీఈ చేతిలోని మిషన్ వేసే లెక్క. అది కుదురుతుంది.

బేరం మాట వచ్చింది కాబట్టి: రశీదు లేకుండా వంద చేతిలో పెట్టి బయటపడ్డా అనుకునేవాడు బయటపడలేదు. పాకాలలో ఇంకో బృందం ఎక్కితే వాడు మళ్ళీ టికెట్ లేనోడే. కట్టినదానికి రశీదు తీసుకోవాల, దాన్నే ఈఎఫ్‌టీ అంటారు. దాంట్లో ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంతమంది, ఏ తరగతి, చార్జీ ఎంత, అదనపు చార్జీ ఎంత వేరువేరుగా ఉండాల. గమ్యం దాకా రాయించుకుంటే మిగతా ప్రయాణానికి అదే టికెట్. 138లో ఉన్న మాట ప్రయాణించిన దూరానికి అని. దొరికిన చోటు నుంచి ముందుకు మామూలు చార్జీయే, దాన్నీ కలిపి రెండింతలు చేస్తే ప్రశ్నించాల. ఒప్పుకోకపోయినా కట్టి, రశీదు ఫోటో తీసుకొని, రైల్వే హెల్ప్‌లైన్ నంబర్ 139కో, ఫిర్యాదుల యాప్ రైల్ మదద్‌కో చెప్పండి. కట్టను అని కూర్చుంటే వ్యవహారం మెజిస్ట్రేటు దాకా పోతుంది, అక్కడ 10 రోజుల నుంచి నెల దాకా లోపల పెట్టే వీలుంది.

మెము_మునెయ్య
సరే, ఇంకొక్కటి. 10 టికెట్ చేతిలో ఉండి, ముందు ఎక్స్‌ప్రెస్ పోతా ఉందని ప్లాట్‌ఫారం మీద తెలిసింది. అప్పుడేం చేయాల?

ఈఎఫ్‌టీ_పుస్తకం
ఎక్కకముందే టీటీఈని పట్టుకొని టికెట్ చూపించి తేడా రాయమని అడుగు, 20తో పోతుంది. ఆయన కనపడకపోతే గోడ మీద క్యూఆర్ కొట్టి ఎక్స్‌ప్రెస్ టికెట్ కొత్తగా తీసుకో, 30. పాత 10 పోయినట్టే.

మెము_మునెయ్య
అంటే ఎట్లా చూసినా 30, 40తో అయిపోయేదానికి 280 కడుతున్నాం.

చంద్రగిరి_కోట
లేదంటే మెము వచ్చేదాకా గమ్మున కూర్చో.

పుత్తూరు_కట్టు
కూర్చుంటే 3 గంటలు దాటిపోతాదేమో చూసుకో మునెయ్యా.

ఈఎఫ్‌టీ_పుస్తకం
దాటినా మొదటి మెముకు చెల్లుతుంది. దాన్ని వదిలేసి రెండోదానికి పోతే మాత్రం మళ్ళీ 260.